కుండలినీ సాధన: హెచ్చరికలును ప్రయోజనవిచారమును

కుండలినీ శక్తిని గూర్చిన గ్రంథములలో రెండు విధములగు వాక్యములు ప్రక్కప్రక్కనే కానవచ్చును. ఒకవైపున, ఈ సాధనచే జరామరణములు తొలగునని, అణిమాది సిద్ధులు కరతలామలకము లగునని వర్ణనము. మఱియొకవైపున, ఇదే సాధన యుక్తముగా సాగనిచో రోగమునకును మృత్యువునకును హేతు వగునని హెచ్చరిక. ఈ హెచ్చరికలను గురుసంప్రదాయము తన రహస్యమును కాపాడుకొనుటకు వేసికొనిన కంచెగా గ్రహింపవచ్చును. అనుభవముచే నేర్చిన వైద్యసూత్రములుగా నైనను గ్రహింపవచ్చును. ఈ రెండింటను సత్యాంశము లేకపోలేదు. కాని గ్రంథముల పూర్వాపరములను పరిశీలించినచో, సాధకుని యుద్దేశమునకు సంబంధించిన మూడవ యంశ మొకటి ప్రధానముగా కనబడును. దానిని నిరూపించుటయే ఈ వ్యాసమునకు లక్ష్యము.

పతంజలి యోగసూత్రములలో కుండలిని ప్రసక్తి లేదు. అయినను విభూతిపాదమున సిద్ధులను వివరించిన పతంజలియే, అవి సమాధికి విఘ్నములని చెప్పి, వానియందును వైరాగ్యము వహింపవలెనని విధించెను. కుండలినీ భావన వికసించినది శాక్త శైవ తంత్రములందు. నేడు సుపరిచితమైన షట్చక్ర క్రమము కుబ్జికామతతంత్రమున కానవచ్చుచున్నది. ఈ తంత్రసంప్రదాయములు మోక్షముతో పాటు భోగసిద్ధులనుగూడ సాధనాఫలముగా నంగీకరించినవి. హఠయోగమున ప్రసిద్ధములైన మహాముద్రాది ప్రక్రియల తొలిరూపము మఱియొక చోట లభించినది. అది 11వ శతాబ్దికి చెందినదిగా భావింపబడుచున్న అమృతసిద్ధి. ఈ గ్రంథపు సంశోధిత ప్రతిని మాలిన్సన్, సాంతో అను పండితులు 2021లో ప్రకటించిరి. ఇది వజ్రయాన బౌద్ధవాతావరణమున పుట్టినదని వారు నిరూపించిరి. ఇందు చర్చ యంతయు బిందురక్షణమును గూర్చియు, ప్రాణమును గూర్చియు సాగును, కుండలిని లేదు. అనగా విరక్తుల దేహనిగ్రహవిద్య యొకటి, తాంత్రికుల శక్త్యుత్థాపనవిద్య యొకటి, వేర్వేఱుగా పెరిగినవి. 13వ శతాబ్దినాటి వివేకమార్తండాది గ్రంథములలో ఈ రెండు ధారలును కలియ నారంభించెను.

ఈ సంగమమునకు ప్రసిద్ధమైన ఫలము 15వ శతాబ్దిలో స్వాత్మారాముడు కూర్చిన హఠయోగప్రదీపిక. రెండు విద్యలు కలిసినపుడు రెండు ప్రయోజనములును కలియుట సహజము. విరక్తుడు కోరినది ముక్తి. తాంత్రికుడు కోరినది ముక్తియు, సిద్ధియు. వీనిలో నేది ముఖ్యము? స్వాత్మారాముడు ఈ ప్రశ్నను విడిచిపెట్టలేదు. హఠవిద్యను రాజయోగముకొఱకు మాత్రమే ఉపదేశించుచున్నానని ప్రారంభముననే చెప్పెను. రాజయోగ మెఱుగక హఠమునందే శ్రమించువారి ప్రయత్నము నిష్ఫలమని చివరి యధ్యాయమున మరల చెప్పెను. ఈ రెంటికి నడుమ, తృతీయోపదేశమున, కుండలిని యోగులకు మోక్షమును, మూఢులకు బంధమును కలిగించునని తెలిపెను. ఈ వాక్యము మిక్కిలి గమనింపదగినది. శక్తి యొక్కటే, ప్రక్రియయు నొక్కటే, ఫలమున మాత్రము భేదము. ఆ భేదమునకు హేతువు సాధనమున లేదు, సాధకునియందున్నది. కావున ప్రయోజనవిచారము ఈ గ్రంథమునకు అలంకారముగా చేర్చిన నీతివాక్యము కాదు. రెండు సంప్రదాయముల కలయికచే నేర్పడిన చిక్కును తీర్చుటకై గ్రంథకర్త చేసిన నిర్ణయము.

దేహమునకు గలుగు ప్రమాదములను గూర్చియు స్వాత్మారాముడు స్పష్టముగనే వ్రాసెను. సింహమును, గజమును, వ్యాఘ్రమును మెల్లమెల్లగా మచ్చిక చేసికొనునట్లు ప్రాణవాయువును వశపఱచుకొనవలెననియు, తొందరపడినచో నది సాధకునే చంపుననియు ద్వితీయోపదేశమున గలదు. వెక్కిళ్లు, శ్వాస, కాస, శిరోవేదన, కర్ణనేత్ర వేదనలు దోషయుక్తమైన ప్రాణాయామముచే కలుగునని యచ్చటనే చెప్పబడినది. యోగమును చెఱచు నాఱు దోషములలో నత్యాహారము, అతిప్రయాసము, అతిభాషణములతో పాటు నియమాగ్రహముగూడ చేర్చబడినది. ప్రాతఃకాలమున చన్నీటి స్నానము, రాత్రిమాత్రమే భుజించుట, ఫలాహారము మున్నగు నియమములను పట్టుకొనుట యని వ్యాఖ్యాత బ్రహ్మానందుడు దీనికి జ్యోత్స్నయందు అర్థము చెప్పెను. దేహమును హింసించుట తపస్సని భ్రమించు పట్టుదలయు ప్రమాదకారియే యని దీనివలన తేలుచున్నది. తొందరకును, అతిప్రయాసమునకును మూలము ఫలాపేక్షయే. కావున దేహప్రమాదమును, ఉద్దేశదోషమును పూర్తిగా వేఱుచేసి చూపుట సాధ్యము కాదు.

ఆంధ్రదేశమునకు ఈ చరిత్రతో గాఢమైన సంబంధ మున్నది. శ్రీశైలము సిద్ధులకు నెలవుగా ప్రసిద్ధికెక్కినది. అచ్చటి భిక్షావృత్తి మఠాధిపతి ప్రేరణచే గౌరన 15వ శతాబ్దిలో నవనాథచరిత్రమును ద్విపదగా రచించెను. దానిని కోరాడ రామకృష్ణయ్యగారు పరిష్కరింపగా 1937లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. ఇందలి సారంగధరుడు సవతితల్లి కోరికను త్రోసిపుచ్చి, నిందపాలై, కాలుసేతులు కోల్పోయి, మీననాథుని యనుగ్రహముచే యోగియై చౌరంగి యను పేర ప్రసిద్ధు డయ్యెను. సిద్ధిని వెదకికొనుచు పోయినవాడు కాడతడు. ఇంద్రియనిగ్రహమను పరీక్షలో నుత్తీర్ణుడైన పిదపనే యోగము అతనిని వరించినది. కథ యిట్లు నడచుట యాదృచ్ఛికము కాదనిపించును.

మడికి సింగన తెలుగుచేసిన వాసిష్ఠమునకు మూలమైన యోగవాసిష్ఠమున చూడాలోపాఖ్యానము కలదు. శిఖిధ్వజుని పత్ని యగు చూడాల యంతఃపురమున నుండియే విచారముచే ఆత్మజ్ఞానమును పొందెను. ఆ పిదపనే ప్రాణాభ్యాసముచే ఖేచరత్వాది సిద్ధులను గడించెను. రాజ్యము విడిచి యడవికేగిన భర్తను కుంభుడను బ్రాహ్మణకుమారుని రూపమున చేరి ప్రబోధించుటకు ఆ శక్తిని వినియోగించెను. కుండలినీ స్వరూపమును వసిష్ఠుడు ఈ సందర్భముననే వివరించెను. మనోవ్యథ యగు ఆధి ప్రాణసంచారమును కలచి, నాడులను చెఱచి, వ్యాధిగా పరిణమించునని యచ్చటనే చెప్పెను. మనస్సు చక్కబడక ప్రాణముపై బలప్రయోగము చేయరాదనుట దీని ఫలితార్థము.

వేమనను గూర్చిన జనశ్రుతియు ఈ దృష్టితో చూడదగినదే. చిరకాలము యోగిని సేవించిన అభిరామునకు దక్కవలసిన యుపదేశమును వేమన మోసముచే తాను పొంది, పిదప పశ్చాత్తప్తుడై, అతని పేరును మకుటమున నిలిపెనని యా కథ. దీనికి చారిత్రకప్రమాణము లేదు. మకుటార్థముకూడ వివాదగ్రస్తమే. అయినను విద్యను పొందినంతమాత్రమున చాలదు, పొందిన విధముగూడ శుద్ధమై యుండవలెనను లోకుల న్యాయబుద్ధి ఈ కథయందు నిలిచియున్నది.

ముద్రణయుగమున పరిస్థితి మాఱెను. 1893లో హఠయోగప్రదీపికకు ఆంగ్లానువాదము బొంబాయిలో వెలువడెను. 1896లో ప్రకటితమైన రాజయోగ గ్రంథపు పీఠికలో వివేకానందులు, కొన్ని మినహాయింపులతో, యోగమును గురువు సన్నిధిని నేర్చుటయే క్షేమమని హెచ్చరించిరి. 1919లో ఉడ్రఫ్ పూర్ణానందుని షట్చక్రనిరూపణమును ఆంగ్లీకరించెను. 1932లో జూరిచ్ నగరమున యూంగు కుండలినిపై ఉపన్యసించెను. ఇట్లు గురువు వెంటరాని విద్య పుస్తకరూపమున పాఠకుని చేరెను. దాని పరిణామమునకు గోపీకృష్ణ చరిత్రము నిదర్శనము. కాశ్మీర ప్రభుత్వోద్యోగియగు నీయన పదునేడు సంవత్సరములు స్వయముగా ధ్యానము చేసి, 1937 డిసెంబరులో జమ్మూలో శక్త్యుత్థాన మనదగిన యనుభవమును పొందెను. వెంటనే నిద్రలేమి, దేహతాపము, ఆహారవిముఖత, భయము ఆవరించి మృత్యుముఖమువఱకు పోయితినని 1967లో ప్రకటించిన స్వీయచరిత్రలో వ్రాసెను. సక్రమాహారముచేతను, ధ్యానవిరామముచేతను కుదుటపడుటకు సంవత్సరములు పట్టినవి. ఈయన దురాశాపరుడు కాడు. కావున సదుద్దేశమొక్కటే రక్ష కాదనియు, మితము, మార్గదర్శనము, దేహరక్షణము నావశ్యకములే యనియు ఈ యుదాహరణము తెలుపుచున్నది. 1994లో అమెరికా మానసిక వైద్యసంఘము తన రోగవర్గీకరణ గ్రంథమున ఆధ్యాత్మిక సమస్య లనునొక విభాగమును చేర్చెను. అది రోగము కాని యాధ్యాత్మికసంక్షోభ ముండుటను గుర్తించుటయే గాని, రోగమునకు చికిత్స మానుకొను మనుట కాదు. నిద్రాహారములు తప్పి మతి చలించిన సాధకుని శక్తిపాతమని పొగడుచు వైద్యునికి దూరము చేయుట అపచారము.

గురువు ఆవశ్యకమను వాక్యమును వంచకులు తమ కనుకూలముగా త్రిప్పుకొనుటయు కలదు. దానికి విరుగుడును ఈ గ్రంథములలోనే యున్నది. శిష్యుని యుద్దేశమును కొలిచిన కొలతబద్దయే గురువునకును వర్తించును. సిద్ధులను చూపి ధనమును, కీర్తిని, దాసులను కూర్చుకొనువాడు ప్రదీపిక చెప్పిన మూఢకోటిలోని వాడేకాని యోగి కాడు.

కావున పరిశోధకుడు ఈ హెచ్చరికలను కేవలము గోప్యతాసూచకములని త్రోసివేయరాదు; వానిని భయపెట్టుటకు వ్రాసిన మాటలుగను గైకొనరాదు. భుక్తిని కోరిన తంత్రము, ముక్తిని కోరిన వైరాగ్యము ఒక్క దేహమున కలిసికొన్నపుడు, దేనికొఱకు ఈ శ్రమ యను ప్రశ్న తప్పనిసరి యైనది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనిన తరువాతనే ప్రాణమును కదలింపుమని గ్రంథకర్తలు నియమించిరి. ప్రక్రియలను మాత్రము విడదీసి బోధించుచున్న నేటి కాలమున, ఆ క్రమమును గుర్తుచేయుట చరిత్రకారుని విధియే.