ఉపదేశుల పేర్లు కూడా రాసుకుందాం

1842 జూలై 31న లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరారు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆశ్రయమిచ్చారు. అయ్యగారు త్వరలోనే బడి పెట్టారు. లూథరన్లకు బడి పైపై సేవ కాదు. 1529లో మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాసిందే తల్లిదండ్రులు ఇంట్లో పిల్లలకు నేర్పాలని. నేటికీ మన పిల్లలు కన్ఫర్మేషన్‌కు ముందు అదే వల్లె వేస్తారు.

హయ్యర్ అయ్యగారు రావడం కన్నా, మళ్లీ మళ్లీ రావడం నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. అమెరికా వెళ్లి, యాభై దాటాక బాల్టిమోర్‌లో వైద్యం చదివి, 1848లో తిరిగొచ్చారు. పల్నాడులో గురజాల దాకా వెళ్లి పనిచేసి, మళ్లీ అమెరికా వెళ్లారు. 1869లో లూథరన్ల రాజమండ్రి మిషన్‌ను వేరే సంస్థకు అప్పగించబోతున్నారని తెలిసేసరికి ఆయనకు 75 దాటాయి. నేను వెళ్తానన్నారు, ఓడెక్కారు. మిషన్ చేజారలేదు.

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌దీ అదే పట్టుదల. వైద్యురాలై ఉండీ ఆమెకు మొదట అప్పగించినది బడుల పని. అయినా రోగులను చూడడం మానలేదు. 1897లో ఆసుపత్రి తెరుచుకుంది. గుంటూరులో ఈనాటికీ దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అంటారు.

అయితే మిషనరీ దొరలూ దొరసానులూ ఊరూరా కాపురం ఉండలేదు. చదువుకు దూరంగా ఉంచిన మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో సంఘాన్ని నిలబెట్టింది ఊళ్లోనే ఉండి బోధించిన ఉపదేశులు. పగలు కూలికి పోయిన పిల్లలకు రాత్రి పాకలో దీపం కింద అక్షరాలు దిద్దించారు. ఆదివారం ఆ పాకలోనే ఆరాధన నడిపారు. బైబిలు స్త్రీలు గడప గడపకూ నడిచారు. తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం గుడికని వేరే కుండలో పోశారు. కోత పండుగకు తొలి పంట, కోడిపెట్ట, గుమ్మడికాయ తెచ్చి వేలం వేశారు. మన గుళ్లలో చాలా వాటి గోడలు ఇలా లేచినవే.

1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. 2027తో నూరేళ్లు నిండుతాయి. మిషనరీల చరిత్ర పుస్తకాల్లో భద్రంగా ఉంది. ఉపదేశుల చరిత్ర మాత్రం బాప్తిస్మపు రిజిస్టర్లలో, పెద్దల జ్ఞాపకాల్లో చెదిరి ఉంది. మీ ఊరి తొలి ఉపదేశి ఎవరో, బడి ఎక్కడ నడిచిందో ఇంట్లో పెద్దవాళ్లను ఈ వారమే అడగండి. రాసి మీ పాస్టరుగారికి అందజేయండి.