రిచ్‌మండ్ రగ్బీ క్లబ్: పతనం నుంచి పునరుత్థానం వరకు

ఇంగ్లాండ్‌లోని అతి పురాతన రగ్బీ యూనియన్ క్లబ్బుల్లో రిచ్‌మండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఒకటి. ఇది 1861లో నైరుతి లండన్‌లో ఏర్పాటైంది. అప్పట్లో రగ్బీని కూడా ఫుట్‌బాల్ అనే వ్యవహరించేవారు.

ఆ రోజుల్లో ఒక్కో క్లబ్బుది ఒక్కో నిబంధన. వాటన్నిటినీ ఏకరీతికి తేవాలని కోరుతూ 1870 డిసెంబరులో రిచ్‌మండ్ కార్యదర్శి ఎడ్విన్ ఆష్, బ్లాక్‌హీత్ క్లబ్ ప్రతినిధితో కలిసి ‘ది టైమ్స్’ పత్రికకు లేఖ రాశారు. ఫలితంగా 1871 జనవరి 26న 21 క్లబ్బులతో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ అవతరించింది.

ఆటగాళ్లకు పారితోషికం ఇవ్వరాదన్న నియమం 1995లో తొలగింది. మరుసటి ఏడాదే వ్యాపారవేత్త ఆష్లే లెవెట్ పెట్టుబడితో రిచ్‌మండ్ వృత్తిపరమైన క్లబ్బుగా మారి, 1997లో అగ్రశ్రేణికి చేరింది. సొంత మైదానమైన అథ్లెటిక్ గ్రౌండ్‌ను విడిచి రీడింగ్ పట్టణంలోని మడేస్కీ స్టేడియానికి తరలింది. అయితే 1999లో లెవెట్ వైదొలగడంతో ఆర్థికంగా కుప్పకూలింది. వృత్తిపర విభాగం లండన్ ఐరిష్‌లో విలీనమైంది.

సభ్యులు మాత్రం క్లబ్బును వదులుకోలేదు. అమెచ్యూర్ జట్టుగా పునరుద్ధరించి, 2000లో దిగువ శ్రేణి లీగ్ నుంచి మళ్లీ ఆట మొదలుపెట్టారు. అంచెలంచెలుగా ఎదిగిన రిచ్‌మండ్ 2016లో రెండో శ్రేణి అయిన చాంపియన్‌షిప్‌కు అర్హత సాధించింది. ఈసారి ఆ ప్రస్థానం సాగింది పాత మైదానం అథ్లెటిక్ గ్రౌండ్ నుంచే.