పాతబస్తీలో చదువుకునే చోటు

మూసీ వరద గాయాలు మానకముందే, 1911లో హైదరాబాదు మీద ప్లేగు పడింది. ప్లేగు వస్తే ఇల్లు విడిచి, ఊరి బయట గుడిసెలు వేసుకోవడమే అప్పట్లో దక్కన్‌ జనానికి తెలిసిన రక్షణ. మరుసటి ఏడాది ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు వాడల్లోకి గాలీ వెలుతురూ తెచ్చే పని మొదలుపెట్టింది. పత్తర్‌గట్టి రాతి కమానుల వరస ఆ బోర్డు చలవే.

విద్యార్థులకు ఇంటి బయట ఒక నీడ దొరికిందీ ఆ తరంలోనే. మూసీ దక్షిణపు ఒడ్డున 1921లో సిటీ హైస్కూలు కొత్త భవనంలోకి వచ్చింది. 1929లో అదే సిటీ కాలేజీ అయింది. కవి మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ పాఠాలు చెప్పారు. నది దాటితే అఫ్జల్‌గంజ్‌. అంతకుముందే పుట్టిన ఆసఫియా గ్రంథాలయం 1936లో అక్కడి భవనానికి మారింది. నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో సర్దుకునే ఇళ్ల పిల్లలకు అక్కడి బల్లే సొంత గది. పరీక్షల పుస్తకాలు ముందేసుకుని పొద్దుగూకేదాకా అక్కడే కూర్చునేవాళ్లు.

2020 మార్చిలో కరోనాతో ఆ తలుపులు మూతపడ్డాయి.

ప్లేగు నాటి వైద్యం ఈసారి తిరగబడింది: గడప దాటొద్దన్నారు. వైరస్‌ను ఆపడానికి అది అవసరమే. కానీ తలాబ్‌కట్ట, శాలిబండ గల్లీల్లోని చిన్న ఇళ్లలో ఆ మాట బరువు వేరు. ఒక్క ఫోను మీద అక్క క్లాసూ తమ్ముడి క్లాసూ నడవాలి. పని ఆగిపోయిన తండ్రి పగలంతా కళ్లెదుటే ఉంటాడు. నిద్ర పట్టదు, చదివింది తలకెక్కదు. చూసేవాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది. లోపల నలుగుతున్నది మనసని ఎవరికి తడుతుంది?

పరీక్షల సంగతి ఆ దిగులును ఇంకా పెంచింది. చివరి ఏడాది పరీక్షలు సెప్టెంబరు ఆఖరులోగా పెట్టాలని జులై 6న యూజీసీ చెప్పింది. వాటిని రాయించకుండా డిగ్రీ ఇవ్వకూడదని ఆగస్టు 28న సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రెండు తేదీల మధ్య కాలమంతా పుస్తకం తెరవాలో మూయాలో తెలియని అయోమయమే.

విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం కేంద్రం జులై 21న ‘మనోదర్పణ్’ ప్రారంభించి, సలహాకు ఒక ఫోన్ నంబరు ఇచ్చింది. మంచి పని, రావలసిన పని. అయితే అమ్మ, నాన్న, నానమ్మ అందరూ వింటుండగా ఏ అమ్మాయి తన భయాన్ని ఫోనులో చెప్పగలదు? సాయం అడగడానికి కూడా ఒక తలుపు వేసుకునే గది కావాలి.

తెలంగాణలో కాలేజీలు 2021 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి. రెండో అల ముంచుకురావడంతో మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు.