ఇంట్లో సముద్రం: చిన్న తొట్టి నుంచి పెద్ద తొట్టికి



చేపల తొట్టి అనగానే మనకు ముందు గుర్తొచ్చేది మంచినీటిలో తిరిగే బంగారు చేప. ఉప్పునీటి తొట్టి సంగతి వేరు. సరదాపడి దాన్ని మొదలుపెట్టినవాళ్ళు కొన్నాళ్ళకు రెండు దారుల్లో ఒకటి పడతారు. విసిగిపోయి తొట్టిని అటకెక్కిస్తారు, లేదా ఇంతకంటే పెద్ద తొట్టి కావాలంటారు. రెండో దారి పట్టినవాళ్ళను ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తారు. చిన్నదాన్నే సంబాళించలేకపోతుంటే పెద్దదెందుకు అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో దొరికింది. దొరకడానికి సుమారు పాతికేళ్ళు పట్టింది.

1846లో ఆనా థిన్ అనే మహిళ ఇంగ్లండు దక్షిణ తీరంలోని టోర్కీ అనే ఊరికి వెళ్ళింది. అక్కడి రాళ్ళ మీద బతికే చిన్న పగడపు జీవులను చూసి ముచ్చటపడింది. వాటిని రాతి జాడీలో వేసి లండన్‌కు తెచ్చుకుంది. లండన్‌లో సముద్రం లేదు. నీళ్ళు మార్చాలంటే సముద్రం నుంచి తెప్పించుకోవాలి. అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, మళ్ళీ అందులోంచి ఇందులోకి, మనం కాఫీ తిరగబోసినట్టు రోజూ చాలాసేపు పోయించేది. ఈ పని పనిమనిషి వంతుకు కూడా వచ్చేది. చరిత్రలో ఆ పనిమనిషి పేరు మిగలలేదు గాని, ఆ జీవులు బతికాయంటే సగం పుణ్యం ఆమెదే. తిరగబోసినప్పుడు నీటిలో గాలి కలుస్తుంది. తర్వాత ఆనా థిన్ సముద్రపు నాచును కూడా తెప్పించి ఆ పాత్రల్లో వేసింది.

ఆ రోజుల్లోనే లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టిలో చేపలను, నీటిమొక్కను, నత్తలను కలిపి పెంచి చూశాడు. మొక్క ప్రాణవాయువునిస్తుంది, నత్త కుళ్ళిన ఆకును తింటుంది, నీరు మార్చనక్కరలేదు అని 1850లో ప్రకటించాడు. తర్వాత ఉప్పునీటిలోనూ అదే ప్రయత్నం చేశాడు. 1845లో గాజు మీద పన్ను ఎత్తివేయడంతో అక్కడ గాజు చవకైంది. 1853 మే నెలలో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల మందిరం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట వాడుకలో స్థిరపడింది. మామూలు ఉప్పుకు మరో మూడు లవణాలు కలిపి ఇంట్లోనే సముద్రపు నీరు చేసుకునే పద్ధతిని కూడా ఆయన చెప్పాడు.

ఇక చూడండి, ఊరూరా వేలంవెర్రి పట్టుకుంది. మధ్యతరగతి ఇళ్ళ హాలుల్లో గాజు తొట్లు వెలిశాయి. గాస్ పుస్తకాలు పట్టుకుని జనం రైలెక్కి తీరానికి పోయి, రాళ్ళ మధ్య నీటి గుంటల్లో చేతికందినదల్లా పట్టుకెళ్ళారు. ఆ గుంటలు ఎలా ఖాళీ అయిపోయాయో, అది చూసి తండ్రి ఎంత బాధపడ్డాడో ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. పట్టుకెళ్ళిన జీవులైనా బతికాయా అంటే, చాలావరకు లేదు. చిన్న తొట్టిలో ఒక్క జీవి చచ్చి కుళ్ళితే మిగతావీ దాని వెంట పోయేవి. 1860ల్లో ఆ మోజు చల్లబడింది.

అసలు కిటుకు పట్టుకున్నవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో తొట్లు, చేపలు అమ్ముకునే చిన్న వర్తకుడు. వ్యాపారంలో దెబ్బతిన్నాడు. తర్వాత 1864లో హాంబుర్గ్‌లో, 1871లో లండన్ క్రిస్టల్ పాలెస్‌లో పెద్ద ప్రదర్శనశాలలు నిలబెట్టాడు. ఆయన పద్ధతి మనకు సులువుగానే అర్థమవుతుంది. మన ఇళ్ళలో నేల కింద సంపు, మేడ మీద ట్యాంకు ఉంటాయి కదా. లాయిడ్ కూడా నేల కింద చీకట్లో పెద్ద సంపు కట్టించాడు. జనం చూసే తొట్లలో ఉన్న నీటికి ఎన్నో రెట్ల నీరు ఆ సంపులో ఉండేది. పంపులతో రాత్రింబవళ్ళు ఆ నీటిని పైకి తోడి తొట్లలోంచి పారించి మళ్ళీ కిందికి దించేవాడు. చూపుకు ఉన్న నీరు కొంత, కాపాడే నీరు అంతకు ఎన్నో రెట్లు. ఈనాటికీ ఉప్పునీటి తొట్టి కింద బల్లలో దాచే రెండో తొట్టిని పెంపకందారులు సంప్ అనే పిలుస్తారు.

నీరు ఎక్కువైతే ఏం ఒరుగుతుందో లెక్క వేసి చూద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. 50 లీటర్ల తొట్టిలోంచి ఎండాకాలం 2 లీటర్లు ఆవిరైతే ఉప్పు పోదు, నీరే పోతుంది. అప్పుడు లవణాలు 36 గ్రాములు దాటి ఆరున్నర దగ్గరికి వస్తాయి. అదే 2 లీటర్లు 400 లీటర్ల తొట్టిలోంచి పోతే 35.2 కూడా దాటదు. చేపకు తేడా తెలియదు. వేడి సంగతీ అంతే. కరెంటు పోయిన మధ్యాహ్నం చిన్న తొట్టి చాయ్ గిన్నెలా వేడెక్కుతుంది, పెద్దది నెమ్మదిగా వేడెక్కుతుంది. అందుకని తగ్గిన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయకూడదు.

లాయిడ్‌కు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. చేప విసర్జించే అమోనియా విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హానిలేని నైట్రేట్‌గా మార్చేది కంటికి కనిపించని బాక్టీరియా. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు వాటి గుట్టు విప్పాడు. ఇవి నీటిలో కంటే రాళ్ళకు, ఇసుకకు అంటుకునే ఎక్కువగా ఉంటాయి. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రంలోని జీవమున్న రాళ్ళను తొట్టిలో పేర్చి, గాలి బుడగలు తప్ప వేరే యంత్రమేమీ లేకుండా పగడాలను పెంచిన తీరును ప్రకటించాడు. ఆ దశకంలోనే సిలికాన్ జిగురుతో అతికిన గాజు తొట్లు, పొట్లాల్లో కలిపి అమ్మే సముద్రపు ఉప్పు వచ్చాయి. వాటితో సముద్రం లేని ఊళ్ళో కూడా ఉప్పునీటి తొట్టి సాధ్యమైంది.

మన దేశంలో దీనికి ఆద్యురాలు మద్రాసు. 1909లో మెరీనా ఒడ్డున చేపల ప్రదర్శనశాల తెరిచారు. 1919లో అది మత్స్యశాఖకు వెళ్ళింది, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మూతపడింది. బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియాన్ని 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. బొంబాయి తెలుగువారిలో చాలామందికి అది చిన్ననాటి జ్ఞాపకం.

సముద్రం పక్కనే ఉంది కదా, బిందెతో ముంచుకుంటే పోలేదా అని యానాం, గోపాలపురం శ్రోతలు అడగవచ్చు. యానాం దగ్గర గోదావరి నీరు కలుస్తుంది. వరదలప్పుడు అక్కడి ఉప్పదనం బాగా పడిపోతుంది. తీరం నీటిలో బురద, మురుగు కూడా ఉంటాయి. కొలిచి కలుపుకున్న నీరే నమ్మకం. 400 లీటర్లకు సుమారు 14 కిలోల ఉప్పు కావాలి. ఒక్క నీటి బరువే 410 కిలోలు. గాజు, రాళ్ళు, బల్ల కలిపితే అరటన్ను దాటుతుంది. పాత మిద్దె మీద పెట్టేముందు మేస్త్రీని పిలిచి చూపించుకోవాలి.

మార్చే రోజున పాత రాళ్ళను తడి ఆరనివ్వకుండా కొత్త తొట్టిలోకి చేర్చాలి. వాటిమీదే కదా బాక్టీరియా కాపురం. పాత ఇసుకను మాత్రం కలియబెట్టి పోయకూడదు, అడుగున పేరుకున్న మురికి అంతా ఒక్కసారి లేస్తుంది. పెద్ద తొట్టి కొన్నవాడికి ఆ వారంలోనే మరో పది చేపలు తేవాలనిపిస్తుంది. అలా తెస్తే పెద్ద తొట్టి కొన్న లాభం ఆ పది చేపలకే సరిపోతుంది.

తెచ్చేవి ఎక్కడివన్నది ఇంకో ప్రశ్న. పగడాలను, సముద్రగుర్రాలను 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపలను మాత్రం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతి రూపొందించారు. అలా పుట్టిన పిల్ల తొట్టి జీవితానికి ముందే అలవాటుపడి ఉంటుంది. దుకాణంలో అడిగి తెలుసుకుని అటువంటిదే తెచ్చుకోవచ్చు. అది కూడా రెండు మూడు వారాలు రోజూ అమోనియా పరీక్ష చేసి, సున్నా దగ్గర నిలిచిందని చూసుకున్నాకే.