నీటి ఒడ్డున ఒక రోజు: తిరుత్తణి, తిరువళ్లూరు, పూండి

సరిహద్దు పల్లెల వారికి తిరుత్తణి, తిరువళ్లూరు పరాయి ఊళ్లు కావు. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిదే. పటాస్కర్ సిఫారసుల ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధిక భాగం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. దానికి బదులుగా సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఎల్ల మారినా ఏరు మాత్రం దారి మార్చుకోలేదు. కుశస్థలి, నగరి నదులు నేటికీ మన వైపు నుండే పూండి జలాశయానికి చేరుతున్నవి. కుటుంబ సమేతంగా ఒక రోజు గడపదలచిన వారికి ఈ ప్రాంతంలోని మూడు నీటి తీరాలను గురించిన వివరాలివి.

తిరుత్తణి: శరవణ పొయ్‌గై

కొండ అడుగున ఉన్న ఈ పుష్కరిణికి కుమార తీర్థమనే పేరు కూడా కలదు. ఇక్కడ స్నానం చేసి, కావడి భుజాన ఎత్తుకొని, కొండ మీది సుబ్రహ్మణ్యస్వామిని దర్శించడం ఆనవాయితీ. మెట్లు 365. సంవత్సరంలోని ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క మెట్టు అని పెద్దలు చెబుతారు. మెట్లెక్కలేని వృద్ధుల కోసం కొండపైకి రోడ్డు మార్గమున్నది.

ఆడికృత్తిక నాడు చిత్తూరు ప్రాంతపు పల్లెల నుండి పూలకావడులు బారులు తీరుతాయి. ఆ సందర్భంలో శరవణ పొయ్‌గైలో మూడు రాత్రులు తెప్పోత్సవం జరుగుతుంది. డిసెంబర్ 31 రాత్రి జరిగే మెట్ల పూజ కూడా ప్రసిద్ధమైనదే. పసిపిల్లలతో వెళ్లేవారు ఈ రెండు సందర్భాలను విడిచి, మామూలు రోజున వెళ్లినట్లయితే కోనేటి గట్టున ప్రశాంతంగా కూర్చోవచ్చు.

తిరువళ్లూరు: హృత్తాపనాశిని

వైద్య వీరరాఘవస్వామి కోవెల చెంతనున్న కోనేరు ఇది. మనసులోని తాపాన్ని పోగొట్టునది అని పేరుకు అర్థం. శాలిహోత్ర మహర్షి ఆశ్రమానికి వృద్ధుని రూపంలో వచ్చిన స్వామి, పడుకొనుటకు చోటెక్కడ అని అడిగినాడనీ, తమిళంలో ఆ ప్రశ్న నుండే ఊరికి ఈ పేరు వచ్చినదనీ స్థలపురాణం. రోగాలు నయం కావాలని మొక్కుకొన్నవారు కోనేటి నీటిలో బెల్లం వేయడం ఇక్కడి ఆచారం. అమావాస్య నాడు, ముఖ్యంగా తై అమావాస్య నాడు, పితృకార్యాల కోసం జనం విశేషంగా వస్తారు. ఈ దేవాలయం అహోబిల మఠం నిర్వహణలో ఉన్నది.

పూండి: సత్యమూర్తి సాగరం

తిరువళ్లూరుకు సమీపంలో కుశస్థలిపై కట్టిన ఈ జలాశయానికి 1940లో పునాది పడింది. 1944లో నిర్మాణం పూర్తయింది. ఈ పథకానికి పాటుపడిన మద్రాసు మేయర్ ఎస్. సత్యమూర్తి పేరే దీనికి పెట్టినారు. నీటి నిలువ సామర్థ్యం సుమారు 3.2 టీఎంసీలు. 1983 నాటి ఒప్పందం ప్రకారం కృష్ణా జలాలు కండలేరు నుండి 152 కిలోమీటర్ల కాలువ ద్వారా సరిహద్దులోని జీరో పాయింటుకు, అక్కడి నుండి మరో 25 కిలోమీటర్లు ప్రవహించి పూండికి చేరుతాయి. మొదటిసారి ఆ నీరు చేరినది 1996లో.

జలాశయం కింద మునిగిన తిరువెణ్‌పాక్కం శివాలయాన్ని పూండిలో తిరిగి నిర్మించినారు. చూపు కోల్పోయిన సుందరమూర్తి నాయనారుకు శివుడు ఊతకర్రను ప్రసాదించిన కథ ఈ క్షేత్రానిదే.

విద్యార్థులకు ఇక్కడి చరిత్రపూర్వ మ్యూజియం మిక్కిలి ఉపయోగకరం. పరిసరాల్లో దొరికిన రాతి పనిముట్లను ఇందులో ప్రదర్శనకు ఉంచినారు. సమీపంలోని అత్తిరంపాక్కంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ బృందం ఇటువంటి పనిముట్లను గుర్తించింది. అక్కడి అతి ప్రాచీన పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో పరిశోధకులు ప్రకటించినారు.

ప్రయాణం, జాగ్రత్తలు

నగరి, పుత్తూరు వైపు వారికి రైలు సౌకర్యమున్నది. ఏకాంబరకుప్పం దాటగానే తిరుత్తణి, ఆపై అరక్కోణం, పిమ్మట తిరువళ్లూరు వస్తాయి. సత్యవేడు, నాగలాపురం వారికి ఊత్తుకోట మీదుగా రోడ్డు మార్గం అనుకూలం. మూడు చోట్లనూ ఒకే రోజున చూడదలచినవారు ఉదయం తిరుత్తణి, మధ్యాహ్నం పూండి, సాయంత్రం తిరువళ్లూరు అనే క్రమాన్ని పాటించవచ్చు.

పూండి చెన్నై నగరానికి తాగునీటి జలాశయం. ఇది స్నానాలకు, ఈతకు తగిన చోటు కాదు. గట్టుపై నుండి చూడడమే క్షేమం. 2019 వేసవిలో ఈ జలాశయం దాదాపు ఎండిపోయి, నగరం నీటికి అలమటించింది. 2021 నవంబరులో వరద ఎక్కువై గేట్లెత్తి నీటిని వదిలినారు. కనుక ఎంత నీరున్నదో ముందుగా తెలుసుకొని బయలుదేరడం మంచిది.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. మన వైపునున్న కృష్ణాపురం జలాశయం గేట్లెత్తితే పళ్లిపట్టు ప్రాంతంలో కుశస్థలి ఒక్కసారిగా పెరుగుతుంది. నేల మట్టపు వంతెనలు నీట మునుగుతాయి. నీరు మోకాలి లోతే కనిపించినా, పిల్లలతో, ద్విచక్ర వాహనంతో దాటే సాహసం చేయరాదు. కొంత దూరమైనా ఎత్తైన వంతెన ఉన్న దారినే తిరిగి రావలెను.