దిబ్బిడి రాగిరేకుల నుంచి ఖమ్మం సంతకాల దాకా

చోడవరం దగ్గరి వడ్డాదిని ఏలిన మత్స్యవంశపు రాజు అర్జునుడు 1269లో వేయించిన దిబ్బిడి రాగిరేకులను చదివి శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినవారు పర్లాకిమిడి బడిపంతులు గిడుగు వెంకట రామమూర్తి. పత్రిక సంపాదకుడు హుల్ట్జ్ అనే జర్మన్ పండితుడు. వ్యాసం కింద పేరు మాత్రం గిడుగుదే.

అంతకు నూరేళ్ల ముందు కావలి సోదరులకు ఆ మర్యాద దక్కలేదు. స్థానిక చరిత్రలు పోగుచేయించిన కుంఫిణీ అధికారి కల్నల్ కాలిన్ మెకంజీకి ఇక్కడి భాషలు రావు. బొర్రయ్య, 1803లో ఆయన పోయాక తమ్ముడు లక్ష్మయ్య, ఊరూరికీ గుమాస్తాలను పంపి కైఫీయతులు, అంటే ఆయా ఊళ్ల చరిత్రలు, రాయించారు. కుంఫిణీ శిస్తు పెంచడానికే అడుగుతోందేమోనని జనం పాత కాగితాలు చూపడానికి జంకేవారు. నచ్చజెప్పే పని ఆ గుమాస్తాలదే. 1821లో మెకంజీ మరణించాక మిగిలిన పని తాను నడుపుతానని లక్ష్మయ్య ముందుకొస్తే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో జేమ్స్ ప్రిన్సెప్ కుదరదన్నాడు. పోగుచేయడం వేరు, పరిశీలించడం వేరు, రెండోది భారతీయుడి వల్ల కాదని ఆయన లెక్క. ఇప్పటికీ మనం వాటిని మెకంజీ కైఫీయతులనే అంటాం.

గిడుగు కాలానికి స్థానిక పండితుడి పేరు అచ్చుకెక్కింది. సవరలనే గిరిజనుల గురించి ఆయన రాసిచ్చిన సంగతులను 1909లో బ్రిటిష్ పరిశోధకుడు థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించిన తన గ్రంథంలో వాడుకున్నాడు, 1931లో గిడుగు సవర వ్యాకరణమే వెలువడింది. మరి గిడుగుకు సవర నేర్పిన సవర మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? గిడుగు సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టినవాడు కనుక ఈ ప్రశ్న నొప్పిగానే అడుగుతున్నాను.

సమాచారం ఇచ్చినవారి పేరే కాదు, వారి అంగీకారం సంగతీ చూడాలి. అందుకు ఖమ్మం ఉదాహరణ. సియాటిల్‌లోని పాత్ అనే ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 2009 జూలైలో అక్కడ 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను పరిశోధనలో భాగంగా వేయడం మొదలుపెట్టాయి. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు మరణించడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరు: చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్లు, హెడ్మాస్టర్ల సంతకాలు. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

చదవలేనివారి అంగీకారానికి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలంటాయి 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు. అడవిలోని ఆశ్రమ పాఠశాలలో ఆ సాక్షి ఎవరు? వార్డెన్ నుంచి ఏఎన్ఎం దాకా అందరూ సర్కారు జీతగాళ్లే. తల్లిదండ్రులున్న ఊరికి మనిషిని పంపాలంటే బస్సు ఛార్జీ, రెండు రోజుల సమయం కావాలి. వాటిని ప్రాజెక్టు ఖర్చులో ముందే వేసుకోవచ్చు.