తెరమీద తిరిగే అణువు

అణువును తిప్పి చూస్తే తప్ప దాని ఆకారం బోధపడదు. కాగితంమీది ప్రొటీన్ బొమ్మలో ఏ గొలుసు ముందుందో, ఏది వెనకుందో తేల్చుకోవడం కష్టం. అదే బొమ్మ కాస్త కదిలితే చాలు, కన్ను లోతును పట్టేస్తుంది. వంచిన తీగ నీడ నిలకడగా ఉన్నంతసేపూ చదునైన గీతగానే కనిపిస్తుందనీ, తీగ తిరగడం మొదలవగానే ఘనాకారం తోస్తుందనీ 1953లో వాలక్, ఓకానెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో చూపించారు.

కంప్యూటర్ తెరమీదికి రాకముందు అణువు కదిలేది కాదు, మనిషే దాని చుట్టూ తిరగాలి. కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ బృందం మయోగ్లోబిన్‌కు కట్టిన నమూనా ఎటు కొలిచినా ఆరడుగులు. ఒక్కో ఆంగ్‌స్ట్రామ్‌కు 5 సెంటీమీటర్ల లెక్కన దాదాపు 2,500 నిలువు కడ్డీలు పాతి, ఎలక్ట్రాన్ సాంద్రతను రంగు క్లిప్పులతో గుర్తించి, ఆ అడవి మధ్యలో అణువును అల్లుకొచ్చారు. లోపలికి చెయ్యి దూర్చడం మాట అటుంచి, లోపలిది సరిగా కనిపించడమే గగనం.

కదిలే బొమ్మ 1960ల నడుమ ఎం.ఐ.టి.లో వచ్చింది. ప్రాజెక్ట్ మ్యాక్ కంప్యూటర్‌కు తగిలించిన తెరమీద సైరస్ లెవింథాల్ బృందం ప్రొటీన్లను వెలుగు గీతలుగా గీయించింది. తిప్పడానికి వాళ్లు పెట్టుకున్న సాధనం ఒక గోళం. దానిమీద అరచెయ్యి ఆనించి ఎటు తిప్పితే అణువు అటు తిరిగేది. చేతి కదలికను అణువు కదలికగా మార్చాలన్న ఆలోచన అప్పటికే పూర్తిగా ఉంది. లేనిదల్లా చవకతనమే.

తర్వాతి దశాబ్దాల్లో ఇవాన్స్ అండ్ సదర్లాండ్ యంత్రాలు ప్రయోగశాలల్లోకి వచ్చాయి. వాటి పక్కన వరుసగా తిప్పుడు గుండీలున్న పెట్టె ఉండేది. ఒక్కో గుండీకి ఒక్కో పని అప్పగించవచ్చు: అణువును ఒక అక్షంమీద తిప్పడం, జరపడం, పెద్దది చేయడం. 1978లో ఆల్విన్ జోన్స్ ప్రకటించిన ఫ్రోడో వంటి ప్రోగ్రాములు అణు నిర్మాణాలను తేల్చే స్ఫటిక శాస్త్రజ్ఞులను కడ్డీల నమూనాల నుంచి తప్పించాయి. అలాంటి యంత్రం కొనే స్తోమత మాత్రం కొద్ది సంస్థలకే ఉండేది.

1990లలో రోజర్ సేల్ ఉచితంగా ఇచ్చిన రాస్‌మోల్‌తో మామూలు కంప్యూటర్‌మీదా అణువులు తిరిగాయి. చదునైన బల్లమీద జరిగే మౌస్‌తో మూడు దిక్కుల భ్రమణాన్ని నడపడానికి, కెన్ షూమేక్ 1992లో ఆర్క్‌బాల్ పద్ధతి చెప్పాడు. అణువు చుట్టూ కనబడని గోళం ఉన్నట్టు భావించి, మౌస్ దాన్ని పట్టి లాగుతున్నట్టు లెక్క కట్టాలి. లెవింథాల్ గోళం ఇలా గణితంగా మారిపోయింది.

చవక సాధనాలు ఆటబొమ్మల దారిన వచ్చాయి. 2006 చివర్లో విడుదలైన నింటెండో వై రిమోట్ ధర 40 డాలర్లు. బ్లూటూత్ ఉంది గనుక ఔత్సాహికులు దాన్ని కంప్యూటర్‌కు కలిపారు. అందులోని త్వరణమాపకం గురుత్వాకర్షణను ఆసరా చేసుకుని వంపును కొలుస్తుంది. రిమోట్ కొసను పైకెత్తినా, రిమోట్‌ను పక్కకు ఒరిగించినా అణువు అలాగే ఒరుగుతుంది. కానీ సమంగా పట్టుకుని కుడికో ఎడమకో తిప్పితే, గురుత్వ దిశ మారదు కాబట్టి ఆ మాపకానికి ఏమీ తెలియదు. ఆ లోటు తీర్చే గైరోస్కోప్ జోడింపు 2009లో వచ్చింది.

2010లో 150 డాలర్లకు కినెక్ట్, 2013లో 80 డాలర్లకు లీప్ మోషన్ అనే, కెమెరాతో కదలికను పట్టే సాధనాలు వచ్చాక చేతిలో ఏదీ పట్టుకునే పని లేకపోయింది. లీప్ మోషన్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. రెండు పరారుణ కెమెరాలతో, సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు వరకు వేళ్లను గమనిస్తుంది. చిక్కల్లా మణికట్టుతోనే. అది పూర్తి చుట్టు తిరగదు. కొంత తిప్పాక చెయ్యి వెనక్కి తేవాలి, అప్పుడు అణువు కూడా వెనక్కి రాకూడదు. మౌస్‌కైతే మీట వదిలితే సరి. గాలిలో చేతికి మీట లేదు, పిడికిలి బిగించడమో వేళ్లు కలపడమో గుర్తుగా పెట్టుకోవాలి. ఆ గుర్తును యంత్రం తప్పుగా చదివితే అణువు గిర్రున తిరుగుతుంది. పైగా ఆసరా లేకుండా చాచిన చెయ్యి నిమిషాల్లోనే లాగుతుంది.

అందుకే ఈ సాధనాలు తరగతి గదిలోనూ ప్రదర్శనశాలలోనూ బాగా రాణించాయి, పరిశోధకుడి బల్లమీద నిలదొక్కుకోలేదు. కినెక్ట్ తయారీ 2017లో ఆగిపోయింది. ప్రొటీన్ నిర్మాణాలను గంటల తరబడి సరిచేసేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఇప్పటికీ ఉన్నది మౌసే.